రోజుకు ఒక్క ఊరు చాలు: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లి వచ్చే ప్రయాణాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి నాలుగు నెలలైంది. ఇంట్లో ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. మే నుంచి జూలై దాకా మీ అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. శని, ఆదివారాల్లో పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరేలా ఏ ఊళ్లు చూపించాలి, కారు అద్దెకు తీసుకోవాలా, తిండి సంగతి ఎలా అని అడిగారు. మీరు పెట్టిన జాబితాలో పన్నెండు ఊళ్లున్నాయి. ఒక శనివారానికి హైడెల్‌బర్గ్, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్ రెండూ కలిపి వేశారు. అది చూసే ఇంత పెద్ద సమాధానం రాయాలనిపించింది.

నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. మా అమ్మానాన్నలు నాలుగుసార్లు వచ్చి వెళ్లారు. మొదటిసారి వచ్చినప్పుడు నేనూ ఇలాంటి జాబితానే రాసుకున్నాను. అంత దూరం నుంచి వచ్చారు, మళ్లీ వస్తారో రారో, అన్నీ చూపించేయాలి అన్న తొందర నాది. ఒక జూన్ శనివారం అందరినీ పొద్దున్నే ఐదింటికి లేపాను. వ్యూర్జ్‌బుర్గ్ చూసుకుని, అక్కణ్నుంచి రోటెన్‌బుర్గ్ వెళ్లి, రాత్రి పదికల్లా ఇంటికి రావాలని ప్లాన్. రోటెన్‌బుర్గ్ నిజంగా గొప్ప ఊరు. చుట్టూ కోటగోడ, ఆ గోడ మీద చూరు కింద నడిచే దారి, కింద ఎర్ర పెంకుల ఇళ్లు. కానీ లోకల్ రైళ్లలో వెళ్లడానికే మూడు గంటలు దాటుతుంది, పైగా రైళ్లు మారాలి. మేం చేరేసరికి నాన్నకు మోకాళ్లు పట్టేశాయి. గోడ ఎక్కే రాతి మెట్లు ఇరుకు, నిటారు. నా ఉత్సాహం చూసి కాదనలేక ఎక్కారు. దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి దిగారు. తిరుగు ప్రయాణంలో మొదటి రైలు ఆలస్యమై, చిన్న స్టేషన్‌లో అందుకోవాల్సిన రెండో రైలు వెళ్లిపోయింది. ఆరుబయట ప్లాట్‌ఫాం మీద గంట కూర్చున్నాం. తెచ్చుకున్న తిండి అయిపోయింది. బయట ఏదీ తినని అమ్మ రెండు అరటిపళ్లతో సరిపెట్టుకుంది. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

అమ్మ ఆ రోజు ఒక్క మాటా అనలేదు. తర్వాతి శనివారం నేను ఇంకో ఊరి పేరు ఎత్తగానే, "మీరు వెళ్లి రండి నాన్నా, నేను ఇంట్లో ఉండి వంట చేసి పెడతాను" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మను సంతోషపెట్టాలని తిప్పాను. ఇంట్లో ఉండిపోవడమే నయం అనిపించేలా చేశాను.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. రోజుకు ఒక్క ఊరు. ఇంటి గుమ్మం నుంచి ఊరి దాకా ఒకవైపు రెండు గంటలకు మించకూడదు. వీలైతే ఒక్కసారే రైలు మారాలి. మారేచోట కనీసం పదిహేను నిమిషాల వ్యవధి ఉండాలి. చివరి రైలుకు ముందు ఇంకో రెండు రైళ్లు ఉన్న ఊరే ఎంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మనలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ఎంత నడవగలరో ఆ రోజు అంతే. మీ ఇంట్లో అది మీ నాన్నగారు కావచ్చు, మధ్యాహ్నం రెండు దాటాక మీ బాబు కావచ్చు.

మీ అమ్మానాన్నలతో మొదటి ప్రయాణానికి నేను చెప్పే ఊరు బఖరఖ్. రైన్ నది ఒడ్డున చాలా చిన్న ఊరు, మీ జాబితాలో లేదు. బింగెన్, రూడెస్‌హైమ్‌ల నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్ల రైన్ లోయను యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. బఖరఖ్ ఆ లోయలోనే ఉంది. స్టేషన్‌లో దిగి రెండు మూడు నిమిషాలు నడిస్తే ఊళ్లో ఉంటారు. కర్ర దూలాలు బయటికి కనిపించే పాత ఇళ్లు, వాటిలో ఒకటి 1368 నాటిది. ఇళ్ల వెనక కొండ మీద ద్రాక్షతోటలు, పైన ఒక కోట. ఆ కోట ఇప్పుడు యూత్ హాస్టల్. ఊరంతా అరగంటలో చుట్టి రావచ్చు. పెద్దవాళ్లకు ఇంతకన్నా అనువైన ఊరు నాకు తెలియదు.

మైంజ్ దాకా ఒక రైలు, అక్కడ మారి నది పక్కనే వెళ్లే లోకల్ రైలు. మైంజ్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, బింగెన్ దాటాక నది మీ పక్కనే ఉంటుంది. పదకొండుకల్లా బఖరఖ్ చేరండి. ఊరు చూసి, నది ఒడ్డున పార్కులో బెంచీ మీద భోజనం చేయండి. తర్వాత పడవ ఎక్కి ప్రవాహం వెంట సాంక్ట్ గోర్ దాకా వెళ్లండి, ముప్పావు గంట పడుతుంది. ఇదే ప్రయాణం ఎదురు ప్రవాహంలో అయితే ఇంకా ఎక్కువసేపు పడుతుంది, అందుకని పిల్లలతో ఈ దిశే మంచిది. పడవలు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా బాగా తిరుగుతాయి, రోజుకు కొన్నే ఉంటాయి కాబట్టి వేళలు ముందే చూసుకోండి. సాంక్ట్ గోర్‌లో దిగి అక్కణ్నుంచి రైల్లో మైంజ్ మీదుగా ఇంటికి వచ్చేయండి. ఊరు ఒక్కటే, పడవ అందరికీ విశ్రాంతి.

ఆ ముప్పావు గంటలో కనిపించేవి చాలా ఉన్నాయి. కౌబ్ దగ్గర నది మధ్యలో రాతి దిబ్బ మీద తెల్లటి కోట ఒకటి వస్తుంది. వచ్చేపోయే పడవల నుంచి సుంకం వసూలు చేయడానికి 14వ శతాబ్దంలో కట్టారు. తర్వాత ఓబర్‌వేజెల్ కోట. ఆ తర్వాత నది వంపు తిరిగి ఇరుకైపోయే చోట 132 మీటర్ల లోరెలై కొండ. ఒడ్డున పెద్ద తెల్ల బోర్డుల మీద అంకెలుంటాయి చూడండి. అవి కాన్‌స్టాంజ్ వంతెన నుంచి లెక్కపెట్టిన కిలోమీటర్లు. లోరెలై చుట్టుపక్కల 555 వస్తుంది. మా పిల్లలకు ఆ 555 ఎప్పుడొస్తుందా అని చూడటమే పెద్ద ఆట. మీ పాపకు ఆ పని అప్పగించండి, పడవ దిగేదాకా కదలదు.

మాది రాజమండ్రి. నాన్న మొదటిసారి ఈ పడవ ఎక్కినప్పుడు రెండువైపులా కొండలు దగ్గరికి జరుగుతుంటే లేచి నిలబడి, "పాపికొండల దగ్గర గోదావరి ఇలాగే ముడుచుకుంటుందిరా" అన్నారు. అప్పటిదాకా ఆయన ఈ దేశంలో అన్నీ నేను చెబితే విని ఊరుకునేవారు. ఆ రోజు ఆయనే నాకు లాంచీల గురించి, వరద గురించి, చిన్నప్పుడు వాళ్ల నాన్నతో భద్రాచలం వెళ్లిన సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. మా పిల్లలు అవన్నీ మొదటిసారి విన్నది రైన్ నది మీదే. సరుకు పడవలు వెళ్తుంటే ఏది ఏ దేశపు జెండాతో వస్తోందో మనవడితో కలిసి లెక్కపెట్టారు. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆయన అడిగి మరీ వెళ్లింది ఈ ఒక్క చోటికే. అందుకే కొత్త ఊళ్లు పన్నెండు వెతక్కండి. నచ్చిన ఊరికి రెండోసారి వెళ్లడానికి ఒక ఆదివారం ఖాళీ ఉంచండి.

రూడెస్‌హైమ్ ఇంకా సులభం, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వీస్‌బాడెన్ మీదుగా నేరుగా రైలుంది. ద్రాక్షతోటల మీదుగా కొండెక్కే కేబుల్ కారులో చిన్న చిన్న తొట్టెలు ఉంటాయి, పెద్దవాళ్లు కూడా హాయిగా ఎక్కుతారు. పైన 1883లో పూర్తయిన జెర్మానియా విగ్రహం, దాని ముందు నుంచి నది మొత్తం కనిపిస్తుంది. అందరూ చెప్పే డ్రాసెల్‌గాసె సందు మాత్రం మధ్యాహ్నానికి కిక్కిరిసిపోతుంది, పైగా అది వైన్ షాపుల వీధి. మా అమ్మకు అక్కడ ఇబ్బందిగా అనిపించింది. కొండ మీద గంటన్నర గడిపి, కింద నది ఒడ్డున కూర్చుని వచ్చేయండి.

హైడెల్‌బర్గ్‌కు ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. అక్కడ చాలామంది చేసే పొరపాటు మెయిన్ స్టేషన్‌లో దిగి నడవడం. పాత ఊరు అక్కణ్నుంచి రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఆ పైన హౌప్ట్‌స్ట్రాసె అనే బజారు వీధి ఇంకో కిలోమీటరున్నర. కోటకు చేరేసరికే పెద్దవాళ్లు అలిసిపోతారు. లోకల్ రైలు మారి ఆల్ట్‌స్టాడ్ట్ (పాత ఊరు) స్టేషన్‌లో దిగండి, లేదా బస్సెక్కి రాట్‌హౌస్ (టౌన్ హాల్) దగ్గర దిగండి. అక్కణ్నుంచే కొండ మీదికి తాడుతో లాగే రైలు ఉంది. కోట టికెట్‌లో ఆ రైలు కోట దాకా కలిసే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. కోటను 1689లోనూ 1693లోనూ ఫ్రెంచి సైన్యాలు పడగొట్టాయి, బాగుచేస్తుండగా 1764లో పిడుగు పడింది. అలా సగం కూలిన గోడలే దానికి అందం. లోపల 1751 నాటి చెక్క పీపా ఉంది, సుమారు 2,20,000 లీటర్లు పడుతుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. కిందికి వచ్చాక పాత వంతెన దాటి, నది అవతలి ఒడ్డున నెక్కర్‌వీజె అనే పచ్చిక మైదానానికి వెళ్లండి. మంచి ఆటస్థలం ఉంది. ఫిలాసఫర్స్ వాక్ అనే దారి గురించి ఎక్కడ చూసినా రాస్తారు కానీ, వంతెన దగ్గర నుంచి పైకి వెళ్లే మెట్లదారి పెద్దవాళ్ల మోకాళ్లకు మంచిది కాదు. దాన్ని వదిలేయండి.

మార్‌బుర్గ్ కూడా మీ జాబితాలో చేర్చుకోండి. కొండ మీద ఊరే అయినా, కింది వీధి నుంచి పాత ఊళ్లోకి ఉచితంగా లిఫ్ట్ ఉంది. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు ఇక్కడే చదువుకున్నారు. వాళ్ల కథల్లోని వస్తువులు, ఒక పెద్ద ఎర్ర చెప్పుతో సహా, ఊరంతా అక్కడక్కడ పెట్టారు. మీ పాప వయసుకు సరిగ్గా సరిపోతుంది. లిమ్‌బుర్గ్ సగం రోజుకు సరిపోయే ఊరు, వర్షం సూచన ఉన్న రోజు కోసం దాచుకోండి.

స్ట్రాస్‌బూర్ ఒక్కరోజులో వద్దు. లోకల్ రైళ్లలో మూడు గంటలు, పైగా అంత గొప్ప చర్చినీ మధ్యాహ్నం పన్నెండున్నరకు బొమ్మలు కదిలే గడియారాన్నీ పరుగు మీద చూడాలి. ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. వెళ్లినప్పుడు అందరి అసలు పాస్‌పోర్టులు, మీ రెసిడెన్స్ కార్డులు దగ్గర ఉండాలి. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) లోపలే కదా అని చాలామంది ఇంట్లో వదిలి వెళ్తారు. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటిలోనూ తనిఖీలు మొదలుపెట్టింది, తిరిగి వచ్చేటప్పుడు రైల్లో అడగవచ్చు. ఫోన్‌లో ఫోటో సరిపోదు.

ఇక కారు. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి ఆరు నెలలే నడపవచ్చు. మీకు ఇప్పటికే నాలుగు నెలలైంది, మే నాటికి ఎంత మిగులుతుందో లెక్క చూసుకోండి. పిల్లలకు పన్నెండేళ్లు వచ్చేదాకా, లేదా 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా సీటు తప్పనిసరి. ఆరుగురికి మామూలు కారు చాలదు. ఈ పాత ఊళ్లలోకి ఎలాగూ కారు వెళ్లదు, ఊరి బయట పార్క్ చేసి నడవాలి. నా ఓటు రైలుకే.

టికెట్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు అన్నిటికీ చెల్లుతుంది, ఐసీఈ, ఐసీ అనే దూరప్రాంత వేగ రైళ్లకు చెల్లదు. పేరు మీద ఇచ్చే టికెట్, ఇంకొకరు వాడకూడదు. అమ్మానాన్నలు మూడు నెలలు ఉంటారు కాబట్టి వాళ్ల పేర్ల మీద చెరొకటి తీసుకోవడం మంచిది. వారం మధ్యలో వాళ్లిద్దరే ఊళ్లో తిరగగలుగుతారు, ప్రతిదానికీ మీ మీద ఆధారపడక్కర్లేదు. పెద్దవాళ్లకు అది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆపాలనుకున్న నెలలో 10వ తేదీలోపు రద్దు చేయకపోతే తర్వాతి నెల డబ్బు కూడా కట్ అవుతుంది. టికెట్లు లేనప్పుడు రూడెస్‌హైమ్, మార్‌బుర్గ్ లాంటి హెస్సెన్ (ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న రాష్ట్రం) ఊళ్లకు హెస్సెన్ టికెట్ ఉంది. ఒకే ధరకు ఐదుగురి దాకా వెళ్లవచ్చు. మీరు నలుగురు పెద్దలు, పాప, సరిగ్గా ఐదుగురు. ఆరేళ్ల లోపు బాబుకు టికెట్ అక్కర్లేదు. వారాంతాల్లో రోజంతా చెల్లుతుంది, మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది దాటాకే. బఖరఖ్ పక్క రాష్ట్రంలో ఉంది, అక్కడికి ఈ టికెట్ మైంజ్ దాకానే.

ముందు రోజు రాత్రి రైల్వే యాప్‌లో మీ రైలు మళ్లీ చూడండి. పట్టాల మరమ్మతులు ఎక్కువ. 2024లో ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ మధ్య ముఖ్యమైన లైను జూలై నుంచి డిసెంబర్ దాకా ఐదు నెలలు పూర్తిగా మూసేశారు. రైలు బదులు బస్సు అని కనిపిస్తే పెద్దవాళ్లతో ఆ రోజు వేరే ఊరు పెట్టుకోండి. స్టేషన్‌లో లిఫ్ట్ పనిచేస్తోందో లేదో కూడా చూడవచ్చు, స్ట్రోలర్ ఉంటే అది తప్పనిసరి.

బాత్రూం సంగతి ఎవరూ రాయరు, కానీ షుగర్ ఉన్న పెద్దవాళ్లకు అదే పెద్ద టెన్షన్. ఫ్రాంక్‌ఫర్ట్ ఎస్-బాన్ (నగరం, చుట్టుపక్కల తిరిగే) రైళ్లలో టాయిలెట్ ఉండదు, దూరం వెళ్లే లోకల్ రైళ్లలో ఉంటుంది. అందుకని రెండూ ఒకే ఊరికి వెళ్తున్నప్పుడు, పది నిమిషాలు ఎక్కువైనా టాయిలెట్ ఉన్న రైలే ఎక్కండి. ఊళ్లలో డబ్బు కట్టి వెళ్లాలి, యాభై సెంట్ల, ఒక యూరో నాణేలు అమ్మగారి పర్సులోనే వేసి ఉంచండి. మిమ్మల్ని అడగాలంటే ఆవిడ మొహమాటపడి ఆపుకుంటారు. మా అమ్మ అలాగే చేసేది. నీళ్లు కూడా అందుకే తక్కువ తాగేది, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఆదివారం ఇక్కడ షాపులు మూసి ఉంటాయి, చిన్న ఊళ్లలో హోటళ్లు కూడా మధ్యాహ్నం రెండు దాటితే వంట ఆపేస్తాయి. చింతపండు పులిహోర సాయంత్రం దాకా చెక్కుచెదరదు. పెరుగన్నం మాత్రం జూన్ ఎండకు పులిసిపోతుంది. మా అమ్మ పద్ధతి చెబుతాను. అన్నం మెత్తగా చేసి, కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు కలిపి డబ్బాలో పెడుతుంది. మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. నది ఒడ్డున, పార్కుల్లో బెంచీల మీద తినవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కెఫేల కుర్చీల్లో మాత్రం సొంత తిండి తీయకూడదు. కుళాయి నీళ్లు తాగవచ్చు. ఫౌంటెన్ల దగ్గర "కైన్ ట్రింక్‌వాసర్" అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగేవి కావు.

బయట తినాల్సి వస్తే, శాకాహారం అని రాసి ఉన్నా ఒకటికి రెండుసార్లు అడగండి. కేజె-స్పెట్స్‌లెలో (చీజ్ వేసిన నూడుల్స్ లాంటి వంటకం) మాంసం ఉండదు కానీ ఆ పిండి గుడ్డుతో కలుపుతారు. బంగాళాదుంప అట్లలో కూడా తరచు గుడ్డు వేస్తారు. ఫ్లామ్‌కూహెన్ అనే పల్చటి పిజ్జా లాంటి రొట్టె మామూలుగా పంది మాంసం ముక్కలతో వస్తుంది, కూరగాయలతో కావాలని ప్రత్యేకంగా చెప్పాలి. పప్పు సూప్‌లో సాసేజ్ వేసి ఇస్తారు. పిల్లలు అడిగే రంగురంగుల జెల్లీ మిఠాయిల్లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, తాతయ్య చేతికి ఇచ్చేముందు ప్యాకెట్ చదవండి. బ్రెట్సెల్ (మెలితిప్పిన ఉప్పు రొట్టె), ఫలాఫెల్ (శనగల వడ లాంటిది), ఐస్‌క్రీం అన్నిచోట్లా దొరుకుతాయి. చిన్న ఊళ్లలో కార్డు తీసుకోని కెఫేలు ఇంకా ఉన్నాయి, చేతిలో నోట్లు ఉంచుకోండి.

మందులు, ఇన్సూరెన్స్ కాగితం నకలు ఒక సంచిలో పెట్టి ఎప్పుడూ వెంట తీసుకెళ్లండి. ఆదివారం జ్వరమో కడుపునొప్పో అయితే 116117కు ఫోన్ చేస్తే దగ్గర్లో డ్యూటీలో ఉన్న డాక్టర్ ఎక్కడున్నారో చెబుతారు. ప్రాణాపాయం అనిపిస్తే 112.

మే నెలలో మీరు పెట్టుకోవాల్సిన వరస నా ఉద్దేశంలో ఇది. వచ్చిన మొదటి వారం ఎక్కడికీ వద్దు, వాళ్లకు నిద్ర వేళలు కుదరాలి. రెండో ఆదివారం బఖరఖ్, పడవ. తర్వాతి వారం ఖాళీ. ఆపైన మార్‌బుర్గ్. హైడెల్‌బర్గ్ జూన్‌లో, అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో తొందర ఉండదు. మీ నాన్నగారు ఆగకుండా ఎంతసేపు నడవగలరు, అమ్మగారు గుడ్డు కలిసినవి తింటారా, మీరు ఏ స్టేషన్ దగ్గర ఉంటారు, ఈ మూడూ రాయండి. రైలు వేళలతో సహా మొదటి రెండు ప్రయాణాల ప్లాన్ వేసి ఇస్తాను.